రిపోర్టు నెగటివ్, అయినా టీబీ మందులు: పిల్లల్లో క్షయ మెనింజైటిస్‌ను ఎలా తేలుస్తారు, ఎలా నయం చేస్తారు

క్లుప్తంగా

మెదడు పొరలకు సోకే క్షయ, టీబీ రూపాల్లో అరుదైనది, అన్నిటికన్నా ప్రాణాంతకమైనది. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్నునీటిలో క్రిములు అతి తక్కువగా ఉంటాయి కాబట్టి పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని తేల్చలేరు. లక్షణాలు, వెన్నునీటి లెక్కలు, స్కాన్, ఇంట్లో టీబీ ఉన్నవారి సంగతి కలిపి చూసి, రుజువు చేతికి రాకముందే మందు మొదలుపెడతారు. చికిత్స సాధారణంగా 12 నెలలు. బిడ్డ ఎలా కోలుకుంటుందన్నది చాలావరకు మొదటి మోతాదు ఎంత త్వరగా పడిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

విశాఖ కేజీహెచ్ పిల్లల వార్డుకు శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, పాడేరు ఏజెన్సీ నుంచే కాక సరిహద్దు దాటి కోరాపుట్, మల్కనగిరి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అక్కడైనా, రామ్‌నగర్ చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రుల్లోనైనా క్షయ మెనింజైటిస్ అని డాక్టరు చెప్పగానే తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: సీబీనాట్‌లో (క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పరీక్షలో) టీబీ లేదని వచ్చింది కదా, మరి ఏడాదిపాటు టీబీ మందులెందుకు?

ప్రశ్న సబబైనదే. ఊపిరితిత్తుల టీబీలో కళ్ళె పరీక్ష చేసి, క్రిమి కనబడ్డాక మందు ఇవ్వడం జనానికి అలవాటైన పద్ధతి. మెదడు దగ్గరికి వచ్చేసరికి ఆ వరుస తారుమారవుతుంది. ఎందుకు అలా అవుతుందో తెలియాలంటే ముందు ఆ క్రిమి తలలోకి చేరే దారిని చూడాలి.

క్రిమి మెదడుదాకా వెళ్ళే దారి

పిల్లల ఒంట్లోకి టీబీ క్రిమి గాలి ద్వారానే వస్తుంది. ఎక్కువగా ఇంట్లో దగ్గుతున్న పెద్దవాళ్ళే అందుకు మూలం. ఊపిరితిత్తిలో చిన్న మచ్చగా మొదలై, పక్కనున్న లింఫు గ్రంథులకు పాకి, అక్కడి నుంచి కొన్ని క్రిములు రక్తంలో కలుస్తాయి. పెద్దవాళ్ళలో రోగనిరోధక కణాలు వాటిని చుట్టుముట్టి కట్టడి చేస్తాయి. అయిదేళ్ళలోపు పిల్లల్లో, ముఖ్యంగా మూడేళ్ళు నిండనివారిలో ఆ కట్టడి బలహీనం. రక్తంతో వచ్చిన క్రిములు మెదడు పైభాగంలో, పొరలకు ఆనుకుని చిన్న గడ్డగా స్థిరపడతాయి. రిచ్, మెకార్డాక్ అనే ఇద్దరు పాథాలజిస్టులు 1933లో శవపరీక్షల ఆధారంగా ఈ సంగతి బయటపెట్టారు. ఆ గడ్డకు ఇప్పటికీ రిచ్ ఫోకస్ అనే పేరు. అది పగిలి లోపలి సరుకు వెన్నునీటిలోకి ఒలికితే మెనింజైటిస్ మొదలవుతుంది. పిల్లల్లో ఇదంతా తొలిసారి క్రిమి సోకిన కొన్ని నెలల్లోనే, తరచుగా ఆరు నెలల్లోపే జరిగిపోతుంది. ఏళ్ళ తరబడి నిద్రపోయి లేచే పెద్దల టీబీకి, దీనికి ఇదే ప్రధాన తేడా.

ఒలికిన క్రిముల మీద శరీరం చేసే యుద్ధంలో జిగురులాంటి చిక్కటి స్రావం మెదడు అడుగుభాగాన పేరుకుంటుంది. నష్టమంతా అక్కడే. ఆ ప్రాంతం నుంచి బయలుదేరే కపాల నాడులు స్రావంలో చిక్కుకుంటే కన్ను పక్కకు తిరగదు, మెల్ల వస్తుంది, కనురెప్ప వాలిపోతుంది. వెన్నునీరు పారే దారులు మూసుకుపోతే తలలో నీరు చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఆ స్రావం గుండా వెళ్ళే సన్నని ధమనులు వాచి పూడుకుపోతే లోపలి మెదడుకు రక్తం అందక పక్షవాతం వస్తుంది. రెండేళ్ళ పసివాడికి పక్షవాతమా అని ఆశ్చర్యపోయేవారు చాలామంది. ఈ జబ్బులో అది అరుదేమీ కాదు. పైగా క్రిమి చచ్చినా పూడుకుపోయిన ధమని తిరిగి తెరుచుకోదు. మందు ఎంత మంచిదైనా ఆలస్యమైతే ఫలితం అంతంతే ఉండటానికి కారణం ఇది.

మొదటి వారం ఎందుకు చేజారుతుంది

చీము కలిగించే బాక్టీరియా మెనింజైటిస్ గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. జ్వరం మండిపోతుంది, బిడ్డ కళ్ళు తేలేస్తుంది, ఇంటిల్లిపాదీ పరుగెడతారు. క్షయ మెనింజైటిస్ అలా రాదు. వారం పది రోజులు తగ్గీ తగ్గని జ్వరం, అన్నం మానేయడం, అప్పుడప్పుడు వాంతి, ఆటలు మానేసి ఒళ్ళో పడుకోవడం, ఊరికే చిరాకు, బరువు పెరగకపోవడం ఉంటాయి. తలనొప్పి అని చెప్పగలిగే వయసు కాదు. మెడ బిగుసుకోవడం, ఫిట్స్, మగత ఆ తర్వాతి దశలో వస్తాయి. ఏడాదిలోపు పసికందుల్లో మెడ బిగుసుకోకపోవచ్చు కూడా. మాడు ఉబ్బడం, తల చుట్టుకొలత పెరగడమే గుర్తు.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు ఈ జబ్బు సోకితే దాదాపు మరణమే. ఆ మందుతో కొందరైనా బతకవచ్చని 1948లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వెల్లడించింది. రోగులను మూడు దశలుగా విడగొట్టే పద్ధతి కూడా అక్కడి నుంచే వచ్చింది, కొద్ది మార్పులతో నేటికీ అదే వాడుతున్నారు. స్పృహ పూర్తిగా ఉండి, నాడీ లోపాలేమీ లేకపోతే మొదటి దశ. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కోరు (పూర్తి స్పృహకు 15) 11 నుంచి 14కు పడినా, స్కోరు 15 ఉండి కాలుచేయి బలహీనత గానీ మెల్ల గానీ కనిపించినా రెండో దశ. స్కోరు 10, అంతకన్నా తక్కువైతే మూడోది. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2014లో చేసిన సమీక్షలో చికిత్స అందుకున్న పిల్లల్లోనూ 19 శాతం మంది చనిపోయారు. బతికినవారిలో సగానికి పైగా ఏదో ఒక నాడీ లోపంతో మిగిలారు. మొదటి దశలో దొరికినవారు చాలావరకు మామూలు పిల్లల్లా పెరుగుతారు, మూడో దశలో దొరికినవారిలో అలా బయటపడేది కొద్దిమందే.

ఉత్తరాంధ్రలో ఆ మొదటి దశను మింగేసే కారణాలు ఇంకొన్ని ఉన్నాయి. ఏజెన్సీలో జ్వరం, మగత, ఫిట్స్ కలిసి కనిపిస్తే మొదట అనుమానం మెదడుకెక్కిన మలేరియా మీదికి వెళ్తుంది, వెళ్ళాలి కూడా. వానాకాలం తర్వాత చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ఉంటుంది. దానిలోనూ వెన్నునీటిలో లింఫోసైట్లే (ఒక రకం తెల్లకణాలు) కనిపిస్తాయి, ప్రొటీను పెరుగుతుంది. చంకలో, గజ్జల్లో, చెవి వెనక నల్లని పొక్కు ఉందేమో వెతకడం, అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ వెంటనే ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. స్క్రబ్ అయితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే ఆ సమాచారమే టీబీ వైపు వేలు చూపిస్తుంది.

అసలు చిక్కు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర, మందుల షాపులో మొదలవుతుంది. జ్వరానికి, విరేచనాలకు అని ఆఫ్లాక్సాసిన్ సిరప్, లీవోఫ్లాక్సాసిన్, అమికాసిన్ ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. ఇవి మామూలు యాంటీబయాటిక్‌లే అయినా టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి. ఒక్క మందుతో క్రిమి చావదు, కాస్త అణగుతుంది. జ్వరం నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది, పరీక్షలో క్రిమి దొరికే అవకాశం ఇంకా పడిపోతుంది. అందుకే పెద్దాసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో ఇంతకుముందు వాడిన సిరప్‌ల పేర్లు ఉంటాయి. ఖాళీ సీసాలు, చీటీలు వెంట తీసుకెళ్ళడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, వెన్నునీటి రిపోర్టును ఎలా చదవాలో తేల్చేది కొన్నిసార్లు అదే.

వెన్నునుంచి నీరు తీయడం

నడుములో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయన్న భయంతో సంతకం పెట్టకుండా ఒకటి రెండు రోజులు పోగొట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. సూది వేసేది నడుము కిందిభాగంలో మూడు, నాలుగు లేదా నాలుగు, అయిదు కటి వెన్నుపూసల మధ్య. అసలు వెన్నుపాము పెద్దవాళ్ళలో మొదటి, రెండో కటి వెన్నుపూస దగ్గరే ముగిసిపోతుంది. పసిపిల్లల్లో ఇంకొంచెం కిందికి ఉంటుంది కాబట్టే వాళ్ళకు వీలైనంత కింది సందు ఎంచుకుంటారు. అక్కడ ఉండేది నీటిలో తేలే నాడీ పోగులు. సూది తగిలితే పక్కకు జరుగుతాయి. తీసిన నీటిని శరీరం కొన్ని గంటల్లోనే తిరిగి తయారుచేసుకుంటుంది. నిజంగా భయపడాల్సిన సందర్భం వేరు: మెదడులో గడ్డ ఉన్నా, తలలో ఒత్తిడి ఒక పక్కకు తోస్తున్నా సూది ప్రమాదం. స్పృహ బాగా తగ్గినప్పుడు, ఒక పక్క బలహీనత ఉన్నప్పుడు ముందు సీటీ తీస్తామనడానికి కారణం అదే.

క్షయ మెనింజైటిస్‌లో వచ్చే నీరు చూపుకు స్వచ్ఛంగా, లేదా కాస్త మసకగా ఉంటుంది. కదపకుండా కాసేపు నిలబెడితే సాలెగూడులాంటి తెర కడుతుంది. చీము మెనింజైటిస్‌లో కణాలు వేలల్లో ఉండి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువ. ఇక్కడ కణాలు సాధారణంగా క్యూబిక్ మిల్లీమీటరుకు 10 నుంచి 500 మధ్య, ఎక్కువ భాగం లింఫోసైట్లు. ప్రొటీను డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు దాటుతుంది. చక్కెర 40 మిల్లీగ్రాముల కిందికి లేదా రక్తంలోని చక్కెరలో సగం కన్నా కిందికి పడుతుంది. వైరల్ మెనింజైటిస్‌లో కూడా లింఫోసైట్లే ఉంటాయి గానీ చక్కెర సాధారణంగా పడిపోదు.

తప్పు దొర్లే చోటు ఈ చక్కెర దగ్గరే. గ్లూకోజు సెలైన్ ఎక్కుతున్న బిడ్డకు రక్తంలో చక్కెర 180 ఉందనుకుందాం. వెన్నునీటిలో 50 వస్తే రిపోర్టులో అది నార్మల్ గీత పైనే కనిపిస్తుంది. నిష్పత్తి చూస్తే 28 శాతమే, అంటే బాగా తక్కువ. సూది వేసే వేళకే రక్తం కూడా తీసి పంపకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు. చక్కెర పరీక్షకు ఫ్లోరైడు ఉన్న బూడిదరంగు మూత సీసా వాడాలి. మామూలు సీసాలో ఉంచితే కణాలు చక్కెరను తినేస్తూ ఉంటాయి, లెక్క తప్పుగా తగ్గుతుంది. కణాలు కూడా గంట రెండు గంటల్లో చితికిపోతాయి. రాత్రి తీసిన నీరు పొద్దున లెక్కిస్తే కణాల సంఖ్యకు విలువ ఉండదు. సూదికి రక్తనాళం తగిలి నీరు ఎర్రబడితే ప్రతి 500 నుంచి 1000 ఎర్రకణాలకు ఒక తెల్లకణం చొప్పున తీసేసి లెక్కించాలి.

జబ్బు మొదట్లో న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉండి చీము మెనింజైటిస్‌లా కనిపించడమూ ఉంది. సగం చికిత్స జరిగిన చీము మెనింజైటిస్ టీబీలా కనిపించడమూ ఉంది. ఈ రెండూ కలగాపులగమైనప్పుడు సెఫ్‌ట్రయాక్సోన్, టీబీ మందులు రెండూ నడిపి, 48 నుంచి 72 గంటల తర్వాత మళ్ళీ నీరు తీసి చూస్తారు. చీముదైతే చక్కెర కోలుకుంటుంది, టీబీ అయితే అలాగే ఉండిపోతుంది.

సీబీనాట్ నెగటివ్ అంటే ఏమిటి

సూక్ష్మదర్శిని కింద ఎర్రరంగు వేసి టీబీ క్రిమిని చూడాలంటే మిల్లీలీటరు నీటిలో దాదాపు 10,000 క్రిములు ఉండాలి. వెన్నునీటిలో అన్ని ఉండవు. అందుకే ఆ పరీక్షలో పట్టుబడేవారు బహుకొద్దిమంది. సీబీనాట్‌గా పిలిచే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకు మిల్లీలీటరుకు సుమారు 113 క్రిములు చాలు. కొత్త రకం అల్ట్రా కార్ట్రిజ్‌కు 16 చాలు. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం కూడా ఇదే తీరున క్రిమి జన్యు పదార్థాన్ని వెతుకుతుంది. కరెంటు, ఏసీ మీద తక్కువ ఆధారపడుతుంది కాబట్టి ఏజెన్సీ ఆసుపత్రులకు అనువు.

వీటి పట్టుబడి రేటు ఎంత? కల్చర్‌లో, అంటే క్రిమిని ల్యాబులో పెంచే పరీక్షలో, క్రిమి పెరిగిన నమూనాలను కొలబద్దగా తీసుకుంటే ఎక్స్‌పర్ట్ నూటికి 71 మందిని, అల్ట్రా 89 మందిని పట్టుకుంటాయని 2021 నాటి కాక్రేన్ సమీక్ష చెబుతోంది. వినడానికి బాగుంది. కానీ కల్చర్ కూడా అందరిలో పెరగదు. లక్షణాలు, స్కాన్ అన్నీ కలిపి టీబీయేనని తేల్చినవారందరినీ లెక్కలోకి తీసుకుంటే అదే సమీక్షలో ఎక్స్‌పర్ట్ 42 శాతానికి, అల్ట్రా 63 శాతానికి జారిపోయాయి. పాజిటివ్ వస్తే మాట దాదాపు ఖాయం. నెగటివ్‌కు ఉన్న విలువ మాత్రం చాలా తక్కువ. వలలో చేప పడలేదంటే చెరువులో చేపలు లేవని కాదు కదా.

ఇక్కడ మెరుగుపరచుకోగలిగింది ఒకటుంది, అదీ పెద్ద ఖర్చు లేకుండా. నీరు ఎంత తీశారన్నదే చాలాసార్లు ఫలితాన్ని తేలుస్తుంది. ఒక మిల్లీలీటరు తీసి మూడు పరీక్షలకు పంచితే ఏ పరీక్షకూ న్యాయం జరగదు. టీబీ అనుమానం ఉన్నప్పుడు బిడ్డ బరువు, పరిస్థితి అనుమతిస్తే క్రిమి పరీక్షల కోసమే రెండు నుంచి అయిదు మిల్లీలీటర్లు పక్కన పెట్టి, ల్యాబులో సెంట్రిఫ్యూజులో వేగంగా తిప్పి, అడుగున దిగిన మడ్డిని సీబీనాట్‌కు, కల్చర్‌కు వాడాలి. లిక్విడ్ కల్చర్ ఫలితానికి ఆరు వారాల దాకా పడుతుంది. చికిత్స నిర్ణయానికి అది ఉపయోగపడదు, మందులకు లొంగని టీబీ ఉందేమో తేల్చడానికి ఉపయోగపడుతుంది.

టీబీ క్రిమి సోకిందేమో చర్మం మీద చూసే మాంటూ పరీక్షలో ముంజేయి మీద దద్దు 10 మిల్లీమీటర్లు, ఆపైన వస్తే ఆధారమే. రాకపోతే కొట్టిపారేయకూడదు. తీవ్రమైన టీబీ ఉన్న, బక్కచిక్కిన పిల్లల్లో దద్దు రాకపోవడం మామూలు. బీసీజీ మచ్చ ఉందన్న కారణంతో కూడా జబ్బును పక్కన పెట్టరు. ఛాతీ ఎక్స్‌రే తీయడం, పరగడుపున ముక్కు గొట్టంతో కడుపులోని ద్రవం తీసి సీబీనాట్ చేయడం లాభదాయకం. చిన్నపిల్లలు కళ్ళె ఉమ్మలేక మింగేస్తారు, అది కడుపులోనే దొరుకుతుంది. హెచ్‌ఐవీ పరీక్ష అందరికీ చేస్తారు.

స్కాన్, స్కోరు

రంగు ఇంజెక్షన్ ఇచ్చి తీసే సీటీలో మూడు విషయాలు చూస్తారు: మెదడు అడుగున పొరలు మెరుస్తున్నాయా, మెదడు గదుల్లో నీరు నిండి ఉబ్బాయా, రక్తం అందక చనిపోయిన భాగాలున్నాయా. మూడూ కలిసి ఉంటే రేడియాలజిస్టు టీబీ అని రాయడానికి జంకరు. ఎంఆర్ఐలో చిన్న గడ్డలు, తొలి పక్షవాతాలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. అయితే చిన్నపిల్లలకు మత్తు ఇచ్చి పడుకోబెట్టాలి. మొదటి దశలో సీటీ పూర్తిగా మామూలుగా ఉండొచ్చు.

చేతిలో ఉన్న ముక్కలన్నిటినీ కలిపి తూచడానికి 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక స్కోరు రూపొందించింది. అది పరిశోధనల కోసం చేసినదే అయినా వార్డులో ఆలోచనకు దారి చూపుతుంది. అయిదు రోజులకు మించిన లక్షణాలకు 4, బరువు తగ్గడం లేదా రెండు వారాలు దాటిన దగ్గుకు 2, ఏడాదిలోపు ఇంట్లో టీబీ రోగితో కలిసి ఉంటే 2. ఇలా కూడినా లక్షణాల వాటా 6 దాటకూడదు. వెన్నునీటి గుర్తులకు ఒక్కోదానికి 1 చొప్పున గరిష్ఠంగా 4. స్కాన్‌లో అడుగు పొరల మెరుపుకు 2, తలలో నీటికి 1. పది రోజుల జ్వరం, బరువు తగ్గడం, దగ్గుతున్న తాతయ్య, స్వచ్ఛమైన నీటిలో 180 కణాలు, వాటిలో లింఫోసైట్లే ఎక్కువ, ప్రొటీను 140 ఉన్న బిడ్డకు స్కాన్ లేకుండానే 10 పాయింట్లు వస్తాయి. స్కాన్ లేనప్పుడు 10, ఉన్నప్పుడు 12, లేదా అంతకన్నా ఎక్కువ వస్తే బలమైన అనుమానంగా లెక్క. ఆ బిడ్డకు సీబీనాట్ నెగటివ్ వచ్చినా మందు ఆపరు. రిపోర్టు చూసి చికిత్స ఆపేయడం, దాని కోసం చికిత్స మొదలుపెట్టకుండా ఆగడం, ఈ జబ్బులో జరిగే రెండు ఖరీదైన పొరపాట్లు.

మందులు, మోతాదులు

రక్తంలోంచి మెదడులోకి మందులు సులువుగా దాటవు. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ బాగా దాటుతాయి, వెన్నునీటిలో వాటి మోతాదు రక్తంలో ఉన్నంతకు దగ్గరగా ఉంటుంది. రిఫాంపిసిన్ అయిదో వంతు కూడా దాటదు. ఇథాంబుటాల్ పొరలు వాచి ఉన్నన్నాళ్ళే కాస్త చేరుతుంది. ఊపిరితిత్తుల టీబీకి ఆరు నెలలు చాలితే దీనికి ఏడాది పట్టడానికి ఒక కారణం ఇదే. జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమం కింద మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత పది నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడు ఇస్తారు.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పిల్లల బిళ్ళలో ఐసోనియాజిడ్ 50, రిఫాంపిసిన్ 75, పైరజినమైడ్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి, నీళ్ళలో వేస్తే కరుగుతుంది. ఇథాంబుటాల్ 100 మిల్లీగ్రాముల బిళ్ళ విడిగా. బరువు 4 నుంచి 7 కిలోలైతే ఒకటి, 8 నుంచి 11కు రెండు, 12 నుంచి 15కు మూడు, 16 నుంచి 24కు నాలుగు. పన్నెండు కిలోల బిడ్డకు మూడు బిళ్ళలంటే ఐసోనియాజిడ్ కిలోకు 12.5, రిఫాంపిసిన్ 18.75 మిల్లీగ్రాములు. అదే మూడు బిళ్ళలు పదిహేను కిలోల బిడ్డకు వేస్తే 10, 15కు పడిపోతాయి. కోలుకునే పిల్లలు రెండు మూడు నెలల్లో మంచి బరువు పుంజుకుంటారు. ప్రతి రాకలోనూ తూచి, బరువు పట్టీ మారితే బిళ్ళలు పెంచాలి. చేరిన రోజు రాసిన మోతాదే ఏడాదంతా నడవడం తరచుగా జరిగే లోపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇంకో దారి కూడా చూపింది: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథియోనమైడ్ నాలుగూ ఎక్కువ మోతాదులో ఆరు నెలలు. ఐసోనియాజిడ్ కిలోకు 20, రిఫాంపిసిన్ 22.5 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది. దక్షిణాఫ్రికాలో ఏళ్ళ తరబడి వాడి చూసిన పద్ధతి ఇది. హెచ్‌ఐవీ లేని, మందులకు లొంగని టీబీ అనుమానం లేని పిల్లలకు ప్రత్యామ్నాయంగా మాత్రమే సూచించారు. ఇథియోనమైడ్ మెదడులోకి బాగా చేరుతుంది గానీ వాంతులు, థైరాయిడ్ తగ్గుదల తెస్తుంది. ఒక ఆసుపత్రిలో ఆరు నెలలని, ఇంకోచోట ఏడాదని చెప్పారంటే ఎవరో తప్పు చెప్పారని అనుకోనక్కర్లేదు. ఒకదాని నుంచి ఇంకోదానికి సొంతంగా మారడం మాత్రం కూడదు. సాధారణ మోతాదులతో ఆరు నెలలకే ఆపేస్తే అది ఏ పద్ధతీ కాదు.

మందులతో పాటు స్టెరాయిడ్ తప్పనిసరి భాగం. వియత్నాంలో 14 ఏళ్ళు దాటినవారి మీద జరిగి 2004లో ప్రచురితమైన ప్రయోగంలో డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో మరణాలు 41 నుంచి 32 శాతానికి తగ్గాయి. బతికినవారి వైకల్యం మాత్రం తగ్గలేదు. పిల్లల్లో ప్రెడ్నిసలోన్ మేలును 1997లో దక్షిణాఫ్రికా ప్రయోగం చూపింది. సాధారణంగా కిలోకు 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ నాలుగు వారాలు, ఆపైన మెల్లగా తగ్గిస్తూ మానిపిస్తారు. ముఖం ఉబ్బిందనో, ఆకలి విపరీతమైందనో ఇంట్లో ఉన్నపళంగా ఆపేస్తే వాపు తిరగబెడుతుంది, ఒంట్లో సహజ స్టెరాయిడ్ లేక బిడ్డ కుప్పకూలే ప్రమాదమూ ఉంది.

తలలో నీరు, ఒంట్లో ఉప్పు

తలలో నీరు చేరిన పిల్లల్లో ఎక్కువమందికి వెన్నునీటి మార్గం పూర్తిగా మూసుకుపోదు, పీల్చుకోవడంలోనే అడ్డంకి ఉంటుంది. అలాంటివారికి కొన్ని వారాలు అసిటజోలమైడ్, ఫ్యూరోసెమైడ్ మందులతో నెట్టుకురావచ్చు. గదుల మధ్య దారే మూసుకుపోయినా, మందులతో ఒత్తిడి దిగకపోయినా, స్పృహ తగ్గుతున్నా న్యూరోసర్జన్ తల నుంచి పొట్టలోకి సన్నని గొట్టం వేస్తారు, అదే షంట్. గొట్టం మూసుకుపోతే మళ్ళీ వాంతులు, మగత, చూపు పైకి తిరగకపోవడం కనిపిస్తాయి. అది రోజులు ఆగే పని కాదు.

ఇంకొకటి తేలిగ్గా తప్పిపోతుంది. ఈ జబ్బులో రక్తంలో సోడియం తరచుగా 130 కిందికి పడిపోయి ఫిట్స్ వస్తాయి. పాత పుస్తకాల ప్రకారం నీళ్ళు తగ్గించేవారు. చాలామంది పిల్లల్లో సోడియం మూత్రంలో కారిపోవడమే కారణం కాబట్టి నీళ్ళు తగ్గిస్తే రక్తం చిక్కబడి, వాచిన ధమనులు మరింత పూడుకుపోతాయి. ఉప్పు నీళ్ళ సెలైన్‌తో భర్తీ చేయడమే సురక్షితం. ఉప్పు తక్కువున్న పల్చటి సెలైన్లు మెదడు వాపును పెంచుతాయి.

ఫిట్స్ మందుల ఎంపికలోనూ మెలిక ఉంది. రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొల్పి వాల్ప్రోయేట్‌ను త్వరగా కరిగించేస్తుంది. ఐసోనియాజిడ్ అందుకు విరుద్ధంగా ఫెనిటాయిన్‌ను పేర్చేస్తుంది. ఈ గొడవ లేని లెవిటిరాసిటామ్ వైపు ఇప్పుడు మొగ్గు ఎక్కువ.

మధ్యలో వచ్చే తిప్పలు

మూత్రం, కన్నీరు నారింజ రంగులోకి మారడం రిఫాంపిసిన్ వల్లే, భయం లేదు. కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, కడుపునొప్పి అలా కాదు. రక్తంలో కాలేయ ఎంజైములు నార్మల్ గరిష్ఠానికి మూడింతలు దాటి లక్షణాలుంటే, లేదా లక్షణాలు లేకున్నా అయిదింతలు దాటితే కాలేయానికి హాని చేసే మూడు మందులూ ఆపి, తగ్గాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెడతారు. మెదడు టీబీలో ఆ ఖాళీని ఉత్తిగా వదలరు. ఇథాంబుటాల్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి వాటితో నడిపిస్తారు. ఐసోనియాజిడ్ నరాలను బాధించకుండా రోజూ 10 మిల్లీగ్రాముల పిరిడాక్సిన్ తోడుంటుంది.

మొదటి వారాల్లో జ్వరం దిగి, రెండో నెలలో ఉన్నట్టుండి మళ్ళీ తలనొప్పి, ఫిట్స్, కొత్త మెల్ల కనిపిస్తే కుటుంబం కుంగిపోతుంది. స్కాన్‌లో కొత్త గడ్డలు కూడా రావచ్చు. చాలాసార్లు అది మందు పనిచేయకపోవడం కాదు. చనిపోయిన క్రిముల అవశేషాల మీద రోగనిరోధక వ్యవస్థ తిరగబడటం. అప్పుడు మందులు మార్చకుండా స్టెరాయిడ్ పెంచుతారు. అయితే మోతాదులు ఎగ్గొట్టడం, మందులకు లొంగని క్రిమి ఉండటం కూడా ఇలాగే కనబడతాయి కాబట్టి ముందు ఆ రెండూ లేవని తేల్చుకోవాలి. ఇంట్లో ఖాళీ అట్టలు లెక్కపెట్టడం వీటిలో చవకైన పరీక్ష.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చూపు, వినికిడి, కాలుచేతుల కదలిక పరీక్షించి ఫిజియోథెరపీ మొదలుపెట్టాలి. ఎదుగుదల లోపాలున్నవారిని రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. శాశ్వత వైకల్యం మిగిలితే సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వంద కిలోమీటర్లు దాటిన ఘాట్ రోడ్డు ప్రయాణంతో పాడేరు, చింతపల్లి వైపు కుటుంబాలు నెలనెలా విశాఖ రావడం కష్టం. రోగి వివరాలు ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైతే మందులు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందుతాయి. పోషణ కోసం ఇచ్చే మొత్తం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు. సందేహాలకు ఉచిత నంబరు 1800116666.

ఇంట్లో ఎవరు దగ్గుతున్నారు

మెదడు టీబీ ఉన్న చిన్నపిల్లల నుంచి ఇతరులకు సోకడం చాలా అరుదు. కంచం, గ్లాసు వేరు చేయడం, తోబుట్టువులను దూరంగా పంపడం అనవసరం. వెతకాల్సింది వాళ్ళకు ఇచ్చినవారిని. పొగతాగడం వల్ల దగ్గు అని ఏళ్ళుగా సరిపెట్టుకుంటున్న తాతయ్య, ప్రసవం తర్వాత చిక్కిపోయిన తల్లి, పక్కింట్లో బిడ్డను చూసుకునే మనిషి, ఇలా బిడ్డతో గంటలు గడిపిన పెద్దలందరికీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష చేయాలి. మూలం దొరికితే ఇంకో లాభం ఉంది. వారి కళ్ళెలోని క్రిమి ఏ మందుకు లొంగుతుందో తెలిస్తే, వెన్నునీటిలో క్రిమి దొరకని బిడ్డకు కూడా సరైన మందులే పడుతున్నాయో లేదో తేలుతుంది.

పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ టీకా ఊపిరితిత్తుల టీబీని అంతగా ఆపలేకపోయినా పిల్లల్లో మెదడు టీబీని 70 శాతానికి పైగా తగ్గిస్తుంది. దేశంలో ఈ టీకా 1948లో మొదలైన తొలి చోట్లలో మన మదనపల్లె ఒకటి. పుట్టినప్పుడు తప్పిపోతే ఏడాది నిండేలోపు వేయించవచ్చు: నెలలోపు 0.05 మిల్లీలీటర్లు, ఆ తర్వాత 0.1.

ఇంట్లో పెద్దవారికి ఊపిరితిత్తుల టీబీ ఉందని తేలిన రోజునుంచే అయిదేళ్ళలోపు పిల్లల విషయంలో గడియారం నడుస్తున్నట్టు లెక్క. వారికి టీబీ లేదని చూసుకున్నాక ఐసోనియాజిడ్ కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు ఇస్తారు. రెండేళ్ళు దాటినవారికి ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికోసారి, మొత్తం 12 మోతాదులతో పూర్తిచేసే పద్ధతి కూడా ఉంది. బిడ్డ చలాకీగా ఉంది, మందెందుకు అని ఏఎన్ఎంను వెనక్కి పంపేయడం ఎక్కువగా జరిగేది ఈ దశలోనే.